పక్క సీటు బ్రేకు

ఆ ఆదివారం ఉదయం డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకంలో ప్రమాదమనేదే లేదు. ఎనిమిదిన్నరకల్లా కూతుర్ని వీడియో గేమ్ పోటీలు జరిగే హాలు దగ్గర దించాలి. తొమ్మిదిన్నరకల్లా వెనక్కి రావాలి. పది గంటలకి లెక్కల టీచరుగారికి పాఠం చెప్పాలి. ఆ టీచరుగారు ఆర్నెల్లుగా కారు నేర్చుకుంటున్నా ఇంతవరకూ రెండో గేరు దాటలేదు. మాస్టారికి ఆవిడంటే ఎంతో గౌరవం.

మాస్టారు ఇరవై రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని ఊళ్లోవాళ్లకి కారు నేర్పుతున్నాడు. నేర్పే కారు కాబట్టి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మీదే ఆయన ప్రాణాలన్నీ. బస్సెక్కినా, సినిమాలో కారు మలుపు తిరిగినా, కుడికాలు తనంతట తానే నేలని నొక్కేస్తుంది. శిష్యులు చాటుగా ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆయనకి కారంటే భయం. కొత్త శిష్యుడు తాళం తిప్పగానే పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ భయమే ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదికీ ఇంత తిండి పెట్టింది.

కూతురిది పూర్తిగా వేరే తీరు. మూడేళ్లుగా స్నేహితురాలితో కలిసి కార్ల పందెం ఆట ఆడుతోంది. ఒకరు కారు నడపాలి, రెండోవాళ్లు పక్కన కూర్చుని చిన్న తెరమీద దారి చూస్తూ మలుపులు చెప్పాలి. ఈ ప్రాంతీయ పోటీలో గెలిచిన జంటని దేశస్థాయికి పంపుతారు. రెండు నెలల్లో కూతురు హాస్టల్లో చేరుతోంది. అక్కడ ఫోను కూడా ఇవ్వరట. ఇప్పుడు గెలవకపోతే మూడేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

సరిగ్గా హాలు మెట్ల దగ్గర ఫోను మోగింది. స్నేహితురాలు బాత్రూములో జారిపడింది, మణికట్టు వాచిపోయింది, రాలేనంది. పేర్లు తీసుకోవడం తొమ్మిదింటితో సరి. కూతురు గోడ గడియారం వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది.

"నాన్నా, నువ్వు కూర్చో. పక్క సీటే కదా."

తనకి ఆటలు రావన్నాడు, పదింటికి పాఠముందన్నాడు, నడుము నొప్పన్నాడు. కానీ పిల్ల కింది పెదవి వణకడం చూశాక మెత్తబడ్డాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుక్కుంటూనే టీచరుగారికి ఫోను చేసి పాఠం పదకొండుకి మార్చాడు.

పేర్లు రాసుకునే నిర్వాహకుడు అనుభవమెంత అని అడిగాడు. మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు.

"పక్క సీట్లోనండీ? ఇరవై రెండేళ్లు."

నిర్వాహకుడి చేతిలో కలం ఆగిపోయింది. ఆ ఆట పుట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ లెక్క సరిచూసేంత తీరిక ఆయనకి లేదు. రాసుకున్నది రాసుకున్నట్టే మైకు చేతికెళ్లింది. మరుక్షణం హాలంతా మారుమోగేలా ఇరవై రెండేళ్ల అనుభవమున్న మహానుభావుడు విచ్చేశాడని ప్రకటన. నల్ల జాకెట్ల జంట ఒకటి వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసింది. చెమటతో తడిసిపోతున్న ఆ మౌనం వాళ్లకి మహా గాంభీర్యంలా కనిపించింది.

లోపల రెండు సీట్లు, ఎదురుగా గోడంత తెర. స్టీరింగు, గేర్లు కూతురి వైపున్నాయి. మాస్టారి ముందు దారి చూపే చిన్న తెర, కాలి కింద ఒకే ఒక పెడల్ ఉన్నాయి. "అది నేను చెప్పినప్పుడే తొక్కాలి నాన్నా" అని కూతురు ఇంకేదో చెప్పబోయేలోగా గంట మోగింది. వివరం అక్కర్లేదనుకున్నాడు మాస్టారు. పక్క సీటు కింద ఒకే పెడల్ ఉంటే అది బ్రేకు కాక మరేమవుతుంది? ఆ ఉదయం ఆయన మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి మూడు క్షణాలు నిలిచింది. కారు కొండదారి పట్టింది. ఒకవైపు బండ, ఒకవైపు లోయ, మధ్యలో గీతంత రోడ్డు. మాస్టారు బ్రేకు తొక్కాడు. కారు ముందుకి దూకింది. సరిగ్గా పడలేదేమోనని ఇంకా గట్టిగా తొక్కాడు. కారు ఇంకా జోరందుకుంది. వేగం పెరిగేకొద్దీ భయం, భయం పెరిగేకొద్దీ కాలిబలం. "ఎడమకి, ఎడమకి, ముందు గుంట, కుడికి తిప్పు తల్లీ, లోయ, లోయ" అంటూ గొంతు తడారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఎదుటివాడు పట్టించుకోని ప్రమాదాన్ని ముందే చూసి హడలిపోవడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఒక్క మలుపు కూడా తప్పకుండా కారు గమ్యం దాటింది. రెండో జంట కారు అప్పటికి సగం కొండే ఎక్కింది.

రెండో పందెమూ అంతే, మూడోదీ అంతే. మధ్యలో టీచరుగారి పాఠం పన్నెండుకీ, తర్వాత సాయంత్రానికీ జరిగింది. మాస్టారికి ఒకటే అంతుపట్టలేదు. ఈ బ్రేకు ఇంత పాడైపోయినా ఎవరూ బాగుచేయించరేం? పరువు తక్కువని ఎవర్నీ అడగలేదు.

చివరి పందేనికి ముందు నల్ల జాకెట్ల జంట ఫిర్యాదు చేసింది. కొండ మలుపుల్లో అంతసేపు టర్బో తొక్కి ఉంచడం మనిషన్నవాడి వల్ల కాదు, పెడల్ ఇరుక్కుపోయి ఉంటుందన్నారు. నిర్వాహకుడు వచ్చి మాస్టారిని ఒకసారి తొక్కమన్నాడు. తెరమీద ఎర్రదీపం వెలిగింది.

"టర్బో బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. ఇది కారు వేగం పెంచే పెడల్. ఏ లోపమూ లేదు."

మాస్టారికి పొద్దుట్నుంచీ తను కొండ అంచున ఏం తొక్కాడో ఇప్పుడు ఒక్కొక్క మలుపే గుర్తొచ్చింది. మెల్లగా కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల చెప్పుల వైపు చూస్తోంది.

"నీకు తెలుసా?"

"మొదటి పందెం సగంలోనే తెలిసిపోయింది నాన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తొక్కేవాడివా?"

గంట మోగింది. మాస్టారు రెండు కాళ్లూ పైకి లాక్కుని సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. కారు టీచరుగారి రెండో గేరులా సాగింది. నల్ల జాకెట్ల కారు దూసుకుపోయి చుక్కంతయింది. స్టీరింగు మీద కూతురి వేళ్లు తెల్లబడిపోయాయి. మాస్టారు చూశాడు. మూడేళ్ల కష్టం తన మోకాలి చిప్పల కింద నలిగిపోతోందని ఆయనకి తెలుసు. కాలు దించుదామని మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. దిగితేనా? భయంతో కొయ్యబారిపోయింది. అంత భయంలోనూ ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఖరి కొండ వచ్చింది. తిన్నని రోడ్డు, దాని చివర లోయ, లోయ అంచున మలుపు.

"నాన్నా, ఇటు చూడు" అంది కూతురు. రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి పైకెత్తింది.

ఇరవై రెండేళ్లలో ఎంతోమంది శిష్యులు ఎన్నో ఘోరాలు చేశారు కానీ, ఈ పని మాత్రం ఎవరూ చేయలేదు. మాస్టారి బుద్ధి వద్దంటూనే ఉంది. కాలు మాత్రం ఎవరి మాటా వినకుండా కిందికి దిగి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని తొక్కింది. కారు బాణంలా పోయింది. "పట్టుకో తల్లీ, కుడికి" అన్నాడో, అనుకున్నాడో. లోయ అంచున కూతురు స్టీరింగు అందుకుంది. నల్ల జాకెట్ల కారు కంటే బెత్తెడు ముందు గమ్యం దాటారు.

మాస్టారు కళ్లు తెరిచేసరికి కూతురు ఆయన్ని కావలించుకుని ఏడుస్తోంది. ఆయనా ఏడ్చాడు. పిల్ల గెలిచినందుకు కొంత, బతికున్నందుకు కొంత. వేదిక మీద ఆయనకి విడిగా ఒక జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద "అత్యంత నిర్భయుడు" అని చెక్కి ఉంది. స్టీరింగు వదిలేసినా చలించలేదే, మీకు భయం వేయలేదా అని మైకులో అడిగారు.

"ఇప్పటికీ వేస్తోందండీ."

హాలంతా విరగబడి నవ్వి చప్పట్లు కొట్టింది. ఇంత గొప్పవాడికి ఎంత వినయమో అనుకున్నారు. గండం గడిచిందని ఆయన మెట్లు దిగుతుంటే నిర్వాహకుడు వెనకే వచ్చాడు. దేశస్థాయి పోటీకి జంటని మార్చడానికి వీల్లేదనీ, ఆ దారిలో కొండలు ఇంతకు రెట్టింపు ఎత్తనీ చెప్పి చెయ్యి కలిపాడు.

ఇంటికొచ్చి కూర్చోకముందే టీచరుగారు ఫోను చేశారు. పోటీ మొత్తం ఫోనులో చూశారట. "మిమ్మల్ని చూశాక నా భయం పోయింది మాస్టారూ. రేపు నేరుగా నాలుగో గేరులో హైవే ఎక్కేద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కారుని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లి, తన కాలి కింద ఉన్నది బ్రేకేనని ఒక కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని వచ్చాడు.