విక్టర్ గారి ఆదివారం యుద్ధాలు

కౌకూర్‌లో విక్టర్ ఇల్లెక్కడ అని అడిగితే నలుగురూ మొహమొహాలు చూసుకుంటారు. జనరల్ సాబ్ ఇల్లు అంటే మాత్రం చర్చి వెనక సందులోకి చెయ్యి చూపిస్తారు.

అలాగని ఆయన పటాలంలో పనిచేసిన మనిషి కాదు. దూలపల్లిలో సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పంతొమ్మిదేళ్ల కింద చేరినప్పుడూ సూపర్‌వైజరే, ఇప్పుడూ సూపర్‌వైజరే. మొన్న వేసవిలో మేనేజరు కుర్చీ ఖాళీ అయితే తనకే వస్తుందని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఓనరు మేనల్లుడు వచ్చి అందులో కూర్చున్నాడు. ఆ కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లి విక్టరే అతనికి పూలదండ వేశాడు.

ఆరు రోజులు ఇలా గడిచే మనిషికి ఏడో రోజు ఏదో ఒకటి ఉండాలి కదా. ఆయనకు యుద్ధం ఉంది.

బొటనవేలంత సైనికుల బొమ్మలు, అటు అరవై, ఇటు అరవై. థర్మోకోల్ గుట్టలు. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి గడ్డి. సిపాయిల టోపీలకు భార్య కెజియా నెయిల్ పాలిష్. మధ్యలో నీలం జాకెట్టు ముక్క పరిస్తే అది చెరువు. కాలిబంటు ఒక ఎత్తుకు ఆరు అంగుళాలు నడుస్తాడు, గుర్రం పన్నెండు. రెండు సైన్యాలూ తలపడ్డాక పాచికలు వేస్తే ఎవరు చచ్చారో తేలుతుంది. పాచికలది అదృష్టం, మిగతాదంతా బుర్ర అని విక్టర్ నమ్మకం. ఆ బుర్ర తనకుందని ఇంకా గట్టి నమ్మకం.

రణరంగం కెజియా బట్టలు కత్తిరించే బల్ల. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆదివారం మిషను ఆగుతుంది కాబట్టి, చర్చి నుంచి రాగానే బల్ల విక్టర్ వశమవుతుంది.

శత్రువు హేమచంద్. మేడ్చల్‌లో గది తీసుకుని ఒంటరిగా ఉండే ఇన్సూరెన్స్ ఏజెంటు, మెస్సు భోజనంతో బతుకు ఈడుస్తున్న బక్క ప్రాణి. ఆరేళ్లుగా ఆదివారమైతే బైకు మీద వస్తాడు, ఓడిపోతాడు, భోంచేసి వెళతాడు. గెలిచిన ప్రతిసారీ విక్టర్ చర్చి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో ఒక జెండా గీస్తాడు. మొట్టమొదటి ఆదివారం గెలిచింది హేమచందే గాని, అది ట్రయల్, లెక్కలోకి రాదని విక్టర్ తీర్మానం.

ఈ విజయాల వెనక ఒక రహస్యాయుధం కూడా ఉంది. అది కెజియా కొలతల టేపు. దాని మొదటి అంగుళం ఎప్పుడో చిరిగి ఊడిపోయింది. అంటే ఆరు అంగుళాలు కావాలంటే ఏడు దాకా చూడాలి. విక్టర్ ఏడు దాకా చూసుకునేవాడు. హేమచంద్ అమాయకంగా ఆరు దగ్గరే ఆపేవాడు. పాపం, వాడి సైన్యం ఆరేళ్లుగా ఎత్తుకో అంగుళం వెనకబడి నడుస్తోంది. చెప్పేద్దామని విక్టర్‌కు ఒకటి రెండుసార్లు మనసైంది. అంతలో గెలిచేశాడు, ఇక చెప్పలేదు.

ఇలా ఉండగా యాప్రాల్‌లో ఈ ఆట ఆడేవాళ్ల సంఘం ఒకటుందనీ, దాన్ని రిటైర్డ్ సుబేదార్ పట్టాభిరామయ్య గారు నడుపుతున్నారనీ విక్టర్ చెవిన పడింది. వచ్చే నెల బెంగళూరులో పోటీలు. జట్టులో ఒక్క చోటు ఖాళీ. విక్టర్ ఫోన్ చేసి తన జెండాల సంగతి విన్నవించుకున్నాడు.

"ఆరేళ్లుగా ఓడలేదా! అయితే ఆదివారం మీ ఆట వచ్చి చూస్తానండీ" అన్నారు సుబేదారు గారు.

ఆ రోజే విక్టర్ సెలవు చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు. 'జట్టుకు ఎంపికైనందున నాలుగు రోజులు సెలవు కోరుతున్నాను.' దాన్ని ఆ మేనల్లుడి బల్ల మీద పెట్టి, వాడు చదువుతుంటే వాడి మొహం చూడాలి. జీవితంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అడ్డు ఒక్కటే, కెజియా. పోయిన ఆదివారం పోరు మంచి పట్టు మీద ఉండగా వచ్చి, "జర నీ బొమ్మలు జరుపు, చింతపండు ఆరబెట్టాలె" అని కుడివైపు గుట్ట మీద చింతపండు పోసింది. ఇద్దరు సిపాయిలు అందులో అంటుకుపోయారు. సుబేదారు గారి ముందు అలా జరిగితే పరువు గంగలో కలిసినట్టే.

విక్టర్ తన యుద్ధతంత్రాల నోటుబుక్కు తీశాడు. మొదటి పేజీలో 'ముందు సైన్యానికి తిండి అందే దారి కాపాడుకో' అని ఉంది. రెండో పేజీలో 'ఎదురు నిలవలేని శత్రువును బూటకపు కబురుతో కోట బయటికి రప్పించు' అని ఉంది. ఆయన రెండో పేజీ రెండుసార్లు చదివాడు. మొదటి పేజీ కూడా ఒక్కసారి చదివి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గురువారం సాయంత్రం దాడి మొదలైంది.

"మీ అక్క సాయమ్మ గౌడవెల్లి నుంచి ఫోన్ జేసింది. మోకాళ్లు పట్టేసినయంట. ఆదివారం నిన్ను రమ్మన్నది."

"నాకు జెయ్యక నీకెందుకు జేసింది?"

"నీది ఎంగేజ్ వచ్చిందంట."

"మా అక్కకు నీ నంబరే తెల్వదు గద."

"నొప్పి ఉన్నోళ్లు ఎట్లనన్న తెల్సుకుంటరు."

కెజియా కత్తెర పక్కన పెట్టి మొగుడి మొహం తీరిగ్గా చూసింది. "పక్కా పోవాల్నా?"

"పోవాలె. తోడబుట్టింది, ఒక్కగానొక్క అక్క."

"ఆదివారం హేమచంద్ వస్తడు. వంటెట్ల మరి?"

"యుద్ధంల తిండి ఎవరికి యాదికుంటది? నేన్ జూసుకుంట."

"మల్లొక్కసారి ఆలోచించుకో."

"ఒక్క ఆదివారం నువ్వు లేకుంటే ఏం మునగదు కెజియా!"

"గట్లనా? సరే, పోత" అని ఆమె మళ్లీ కత్తెర అందుకుంది.

ఇంకో మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్న విక్టర్‌కు, కోట ఇంత తేలిగ్గా దొరకడం కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

ఆదివారం ప్రార్థన కాగానే కెజియా ఇస్త్రీ చీర కొంగు సర్దుకుని గౌడవెల్లికని మేడ్చల్ బస్సెక్కింది. సుబేదారు గారు పదకొండింటికి వచ్చారు. పావుగంట తర్వాత హేమచంద్ వచ్చి, గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చాడు.

"వదిన?"

"గౌడవెల్లి పోయింది."

"ఎప్పుడొస్తది?"

"సాయంత్రం. కూసో, మిక్చర్ ఉంది, కూల్‌డ్రింక్ ఉంది."

హేమచంద్ వంటింటి వైపు చూశాడు. పొయ్యి మీద గిన్నె లేదు. మిక్చర్ పళ్లెం వైపు చూశాడు. అందులో పల్లీలు నాలుగు ఏరుకుని తిని, ఏదో నిర్ణయానికి వచ్చినట్టు చొక్కా చేతులు మడిచాడు.

విక్టర్ ఇవేవీ గమనించలేదు. సుబేదారు గారికి తన వ్యూహం వివరిస్తున్నాడు. "ఎడమ దిక్కు ఉత్తుత్తి దాడి జేస్త సార్. అసలు దళం గా గుట్ట ఎనక దాచిపెడ్త. వీని గుర్రాలు ఆశపడి చెరువుల దిగుతయి. ప్రతిసారి దిగుతయి. అప్పుడు పైనుంచి పడ్త."

మొదటి ఎత్తు. హేమచంద్ టేపు పరిచి, ఆరు దగ్గర ఆపకుండా ఇంకాస్త లాగాడు.

"అన్నా, గీ టేపు ఒకటి నుంచి మొదలైతది. ఆరంటే ఏడు దాక రావాలె గద."

విక్టర్‌కు కూల్‌డ్రింక్ పొలమారింది. "ఎప్పుడు సూసినవ్?"

"మొదటి ఆదివారమే."

గుర్రాలు చెరువులో దిగలేదు. చెరువు గట్టు మీదుగా తిరిగి, గుట్ట చుట్టి, దాక్కున్న దళం వెనక తేలాయి. ఉత్తుత్తి దాడికి ఎడమవైపు వెళ్లిన వాళ్లను పలకరించిన వాడే లేడు. నలభై నిమిషాలు తిరిగేసరికి విక్టర్ సేనాపతి, ఎర్ర నెయిల్ పాలిష్ టోపీతో, నీలం జాకెట్టు గుడ్డ మధ్య ఒంటరిగా నిలబడి ఉన్నాడు. హేమచంద్ పాచిక వేసి అతన్ని కూడా పడుకోబెట్టాడు.

సుబేదారు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ప్లాను చాలా బావుందండీ విక్టర్ గారూ. గట్టిగా అందరికీ వినబడేలా చెప్పారు చూడండి, అదొక్కటే." ఆ తర్వాత ఇటు తిరిగి, "హేమచంద్ గారూ, మీరు బెంగళూరు రాగలరా?" అని అడిగారు.

ఆయన వెళ్లాక గేటు దగ్గర విక్టర్ హేమచంద్ బైకుకు అడ్డం నిలబడ్డాడు.

"ఆరేండ్ల సంది గుర్రాలను చెరువుల దింపినవ్ గదరా!"

"వదిన దింపమన్నది అన్నా."

"ఏందీ?"

హేమచంద్ హెల్మెట్ చేతిలో తిప్పుతూ చెప్పాడు. "మొదటి ఆదివారం నువ్వు ఓడిపోయినవ్ గద. వారం దినాలు ఇంట్ల మాట్లాడలేదంట. ఉప్పు తక్కువైందని పళ్లెం ఇసిరికొట్టినవంట. వదిన ఫోన్ జేసి, తమ్మీ, నువ్వు ఓడిపో, నేను నీకు పొట్టేలు కూర వండి పెడ్త అన్నది. మెస్సుల తినేటోన్ని, ఒప్పుకున్న. ఓడుడు గూడ అల్కగ లేకుండె అన్నా. నువ్వు తప్పుడు దిక్కు పోతుంటివి. నేనే నిన్ను ఎతుక్కుంట వచ్చి ఓడిపోవాల్సొస్తుండె."

"మరి ఇయ్యాల ఏమైందిరా?"

"ఇయ్యాల మిక్చర్ పెట్టినవ్ గదన్నా" అన్నాడు హేమచంద్ నేల చూపులు చూస్తూ. "నాకు గూడ ఒక్కసారన్న గెలవాలని ఉంటది."

సాయంత్రం కెజియా ఒడి నిండా మక్క కంకులతో దిగింది. విక్టర్ వసారాలో కూర్చుని ఉన్నాడు.

"మీ అక్క మోకాళ్లు ఎట్లున్నయ్?" అన్నాడు ఎంతో కొంత మర్యాద నిలుపుకుందామని.

"మంచిగున్నయ్. మోకాలి లోతు బురదల నాట్లేసొచ్చింది. గురువారమే ఫోన్ జేసిన అక్కకు."

"అబద్ధమని ఎర్కుండి ఎందుకు పోయినవ్?"

"నేను లేకుంటే ఏం మునగదన్నవ్ గద. మునుగుతదో లేదో సూద్దామని."

విక్టర్‌కు అప్పటిదాకా ఆపుకున్న కోపమంతా పైకి వచ్చింది. "నన్ను ఆరేండ్లు పిచ్చోన్ని జేసిర్రు ఇద్దరు కల్సి!"

కెజియా కంకులు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆరేండ్లు చర్చి నుంచి వచ్చి చీర గూడ మార్సకుండ పొయ్యి ముంగట నిలవడ్డ. ఫ్యాక్టరీల రోజు ఓడిపోయి వస్తవ్, అది నేను ఆపలేను. ఇంట్లనన్న ఒక్కటి గెలవనియ్యి అనుకున్న. గెల్చినంక గుర్రాల ముచ్చట చెప్పినవ్, గుట్టల ముచ్చట చెప్పినవ్. ఒక్కనాడన్న కూర మంచిగున్నదన్నవా? నాకు ఆరేండ్లకు ఒక్క ఆదివారం దొరికింది, నీ అబద్ధం పుణ్యమా అని."

విక్టర్ తల తిప్పుకున్నాడు. ఎదురుగా గోడ మీద చర్చి క్యాలెండరు ఉంది. దాని మీది ఎర్ర జెండాలన్నీ పొట్టేలు కూరవని తెలిశాక అటు చూడబుద్ధి కాలేదు. సిగ్గు పడాలో, ఏడవాలో తెలియలేదు. రాత్రి భోజనంలో పప్పులో ఉప్పు తక్కువైంది. ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు.

కానీ ఆరు రోజుల ఫ్యాక్టరీ మనిషిని ఊరికే వదలదు. శనివారం ఆ మేనల్లుడు అందరి ముందూ మూతల డబ్బా తన్ని, "పంతొమ్మిదేళ్ల నుంచి ఏం నేర్చుకున్నవయ్యా?" అన్నాడు. ఆ రాత్రి గడిచి తెల్లారగానే విక్టర్ బొల్లారం బజారుకు వెళ్లి వరసలో నిలబడి, లేత పొట్టేలు మాంసం ఏరి కొట్టించుకుని వచ్చాడు.

కెజియా సంచీ విప్పి చూసింది. "ఎవరొస్తుర్రు?"

"హేమచంద్."

ఆమె సంచీ మూతి మళ్లీ ముడేసింది. "నేనైతే వండ. కావాల్నంటే చెప్త, రాసుకో."

విక్టర్ జేబులో కాగితం కోసం వెతికాడు. సెలవు చీటీ దొరికింది. దాని వెనకవైపు అల్లం ఎంత, మిరపకారం ఎంత రాసుకున్నాడు. ఉల్లిగడ్డలు తరుగుతుంటే కళ్లు నీళ్లు కారాయి. అన్నీ ఉల్లిగడ్డల వల్లనే అనుకోవడానికి వీలుగా ఉంది.

హేమచంద్ వచ్చి గాలి పీల్చాడు. మొహం వెలిగింది. "వదిన వండిందా?"

"నేనే."

వెలుగు కొంచెం తగ్గింది. ఆటకు ముందే విక్టర్ పళ్లెం చేతికిచ్చాడు. బల్ల మీద కెజియా పెట్టిన కొత్త టేపు ఉంది. "పాతది పారేసిన. గిది సున్న నుంచి ఉంది, ఇద్దరికి ఒక్కటే లెక్క" అని చెప్పి, కెజియా కిటికీ దగ్గర కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

మొదటి రెండు ఎత్తుల్లో హేమచంద్ గుర్రాలు బుద్ధిగా చెరువు వైపు నడిచాయి. విక్టర్‌కు ఆశ పుట్టింది. ఎర్ర పెన్ను ఎక్కడుందా అని కూడా చూసుకున్నాడు. అప్పుడు హేమచంద్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. గుర్రాలు గట్టు మీద ఆగిపోయాయి.

"అన్నా, తప్పుగ అనుకోకు. ముక్క ఉడకలే" అన్నాడు చివరికి. గుర్రాలు మెల్లగా గుట్ట వైపు తిరిగాయి.

"ఇంకో రెండు విజిల్స్ పడాలె" అంది కెజియా, కుర్చీలోంచి కదలకుండా.

విక్టర్ సైన్యాన్ని అక్కడే వదిలేసి, ఆ పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. ముక్కలు మళ్లీ కుక్కర్లో వేసి, మూత బిగించి, పొయ్యి ముందు నిలబడ్డాడు. హాల్లో పాచికలు దొర్లుతున్నాయి. ఎవరి బంట్లు పడుతున్నాయో చూడక్కర్లేకుండానే తెలుస్తోంది.

"అన్నా, నీ ఆట!" హేమచంద్ కేకేశాడు.

"రెండో విజిల్ రానియ్యి" అన్నాడు జనరల్ సాబ్.