బల్ల మీద గొడుగు

శాస్త్రం ఎక్కడో ప్రశ్నతో పుట్టి ఉండవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని మా ఇలోయిలో నగరపు రొయ్యల రోగ పరీక్షా కేంద్రంలో మాత్రం సంతకంతో స్థిరపడింది. మా పరీక్షా పద్ధతి పెద్దల నుంచి సంక్రమించింది. దాన్ని మేం ఎంత భద్రంగా కాపాడామంటే, అర్థం చేసుకునే సాహసం కూడా చేయలేదు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ గొట్టాల పెట్టె మీద నల్ల గొడుగు పట్టాలన్నది అందులో ఒక నియమం. (నీలం గొడుగు కింద జరిగిన పరీక్షను లోగడ రద్దు చేశాం.) గొడుగుల కొనుగోలుకు ఉపసంఘం, పట్టేవాళ్లకు శిక్షణ ఉన్నాయి. పద్ధతుల పరిరక్షణాధికారిగా ఆ శిక్షణ ఇచ్చేది నేనే.

ఇంకో నియమం ఉండేది: "గొట్టాల మూతలు తీసిపెట్టి, వెళ్లి బాచోయ్ తిని రావాలి." డైరెక్టర్ మగ్‌బనువా గారు వస్తూనే దాన్ని కొట్టేశారు. శాస్త్రీయ పత్రంలో పంది పేగుల నూడుల్స్ చారు ఏమిటని ఆయనకు తల కొట్టేసినట్టయింది. గొడుగులో గాంభీర్యం ఉంది కాబట్టి అది మిగిలింది. అప్పటి నుంచి మా యంత్రానికి ఏ రొయ్యలోనూ రోగం కనిపించలేదు. ఈ ఆరోగ్యమంతా మా చలవేనని వార్షిక నివేదికలో రాసుకున్నాం.

అలాంటి చోటికి, మా దగ్గరే పనిచేస్తున్న లిరియో అనే పరిశోధక విద్యార్థిని తన తండ్రి చెరువులోని రొయ్యలను తెచ్చింది. పరీక్షలో రోగం లేదని వచ్చింది.

"తెల్లమచ్చలు నా కళ్లకే కనిపిస్తున్నాయి కదే!" అన్నాడు తండ్రి ఫోన్లో. "రోగముందని మీవాళ్ల కాగితం ఉంటేనే గడువుకు ముందే రొయ్యలు పట్టడానికి వలలవాళ్లు వస్తారు. త్వరగా చూడు తల్లీ, అన్నీ పోతాయి."

లిరియో గొట్టం వాసన చూసింది. రొయ్య ముక్కను కడిగిన ఆల్కహాల్ ఇంకా గుప్పుమంది. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది.

"సర్, గొడుగు దేనికి?"

"దేనికంటే ఏంటమ్మా? పద్ధతిలో ఉంది."

"పద్ధతిలో ఎందుకుంది సర్?"

"నీకేమైనా బరువుగా ఉందా?"

ఆ పద్ధతి రాసిన డాక్టర్ హెచనోవా రిటైరై, మా వెనక వీధిలోనే ఉంటున్నారు. (ఏటా క్రిస్మస్‌కు పళ్లబుట్ట పంపుతాం. ప్రశ్న ఎన్నడూ పంపలేదు.) లిరియో వెళ్లి అడిగితే ఆవిడ పగలబడి నవ్వారట.

"ఇంకా పడుతున్నారా? పాత షెడ్డు రేకులు కారేవే పిల్లా!"

"మరి బాచోయ్, మేడమ్?"

"అదే కదా అసలు పని! మూత తీసిపెడితే నేను తిని వచ్చేలోగా ఆల్కహాల్ ఆరిపోయేది. ఆరకపోతే యంత్రానికి ఏం కనిపిస్తుంది, నా మొహం!"

లిరియో మూతలు తీసి, ఆరబెట్టి, గొడుగు లేకుండా మళ్లీ పరీక్ష చేసింది. తెల్లమచ్చ రోగం స్పష్టంగా బయటపడింది. నాకు ఆ పిల్ల మీద ఒళ్లు మండింది. చెప్పింది నిజమయ్యేసరికి ఇంకా మండింది.

"గొడుగు లేని ఫలితం చెల్లదు," అన్నారు డైరెక్టర్.

"సర్, మా నాన్న చెరువు సర్! ఇవాళ కాగితమిస్తే బతికున్నవైనా దక్కుతాయి."

మాదేమీ రాతిగుండె కాదు. అత్యవసరంగా సంఘాన్ని సమావేశపరచి, పెద్దల నియమాన్ని సగౌరవంగా పునరుద్ధరించాం. అయితే మూతలు తీయడానికి పరిశుభ్రతా ఉపసంఘం ఒప్పుకోలేదు. కాబట్టి మూతలు బిగించే ఉంచి, అందరం వెళ్లి బాచోయ్ తిన్నాం. లిరియో గిన్నె ముట్టలేదు. (క్రమశిక్షణారాహిత్యంగా నమోదు చేశాను.) తిరిగొచ్చి గొడుగు కింద పరీక్ష ముగించాం. రోగం లేదు. ఆ మేరకు కాగితం ఇచ్చాం.

మర్నాడు ఆమె తండ్రి గంపెడు చచ్చిన రొయ్యలు తెచ్చి మా బల్ల మీద కుమ్మరించాడు.

"రోగం లేదన్నారుగా. ఇప్పుడు చూడండి సార్," అన్నాడు.

డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నేను వెళ్లి గొడుగు తెచ్చి, రొయ్యల మీద పట్టాను.