కింది దవడకు నూటికి నూరు

ఇకమీదట పల్నాడులో నమలలేని నోరంటూ ఉండదని మంత్రిగారు నరసరావుపేట సభలో ప్రకటించిన రోజున నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. దవడ ఎముకలో రెండు విదేశీ మరలు బిగించి, వాటి మీద కింది పళ్ళ సెట్టు కూర్చోబెట్టే పథకం అది. ఇరవై నాలుగు ఊళ్ళు, ఊరికొకరు. పేర్లన్నీ మంత్రిగారే స్వయంగా చదివారు. ఒక్క పేరూ పూర్తిగా తప్పు చదవలేదు.

మా ఊరి పేరు మా పక్కింటి హనుమాయమ్మ పిన్నిది. ఆమెకు మామూలు కట్టుడు పళ్ళు ఉండేవి. పై సెట్టు బాగానే నిలిచేది. కింది సెట్టు నాలుక కదిపితే లేచేది, ముద్ద పెడితే జారేది. ఆరేళ్ళుగా దాన్ని కొంగున ముడేసుకుని, కోడలు రోట్లో నూరిపెట్టిన అన్నం మింగి బతుకుతోంది.

"ఒక్క జొన్నరొట్టె కొరికితే చాలే అమ్మాయ్, ఇంకేమీ అడగను" అనేది నాతో.

విదేశాల నుంచి మరలు ఒక్క జతే వచ్చాయి. తక్కినవి ఓడలో ఉన్నాయని స్పెషల్ ఆఫీసరు గారు చెప్పారు. ఆ జత పిన్నికి బిగించారు. ఎముక మరను పట్టుకునేదాకా నాలుగు నెలలు జావ తాగింది. ఐదో నెలలో పళ్ళు తయారయ్యాయి గాని నోటికి రాలేదు. ప్రారంభోత్సవం కాని వంతెన మీద బండి తోలనివ్వరు గదా, పళ్ళూ అంతేనన్నారు. మంత్రిగారికి తీరిక దొరికేదాకా అవి ఆఫీసు బీరువాలో సీలు వేసి ఉన్నాయి. పిన్ని మరో ఏడు వారాలు జావ తాగింది.

మంత్రిగారు వచ్చారు. పళ్ళెంలోని పళ్ళకు కట్టిన రిబ్బను కత్తిరించారు. డాక్టరు గారు వాటిని మరల మీద నొక్కి కూర్చోబెట్టారు. మంత్రిగారు తమ చేత్తో ఒక చేగోడీ పిన్ని నోట్లో పెట్టి, మైకు దగ్గరికి జరిపారు. కరకరమని ఊరంతా వినిపించింది. ఎన్నాళ్ళు బాధపడ్డావు తల్లీ అంటూ మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు.

సభ అయ్యాక అసలు విషయం తెలిసింది. వచ్చే గురువారం మాచర్లలోనూ ప్రారంభోత్సవం ఉంది. చూపించడానికి ఇంకో సెట్టు లేదు కాబట్టి పళ్ళు వెనక్కి ఇవ్వాలి.

పిన్ని నోరు మూసుకుంది. డాక్టరు గారు బతిమాలారు. ఆఫీసరు గారు జీవో చూపించారు. గంటసేపు పెదవి విప్పలేదు. ఆనందంతో ఆమెకు మాట పెగల్లేదని మర్నాడు పేపర్లో వచ్చింది.

చివరికి ఆఫీసరు గారికే ఉపాయం తట్టింది. పళ్ళు వెళ్ళాల్సిన చోటికల్లా మనిషే వెళితే సరిపోతుందన్నారు. రానంటే మాత్రం సర్కారు సొత్తు సర్కారుకు చేరాల్సిందే.

అప్పుడు తెరిచింది నోరు. "వస్తే పళ్ళు నాకే ఉంటయ్యా?"

"మీకే, మామ్మగారూ."

"అయితే జీపు ఇంటికాడికి పంపు."

ఆ పూట పిన్ని నాలుగు జొన్నరొట్టెలు తిన్నది. కోడలు రోలు మీద బుట్ట బోర్లించింది.

ఫారంలో సహాయకురాలనే గడి ఉంటే దాంట్లో నన్ను రాశారు. అందుకని ప్రతి ఊరికీ నేనూ వెళ్ళాను. మాచర్లలో పిన్ని పేరు అంజమ్మ. గురజాలలో మంగమ్మ. అదే చేగోడీ, అదే కరకర. ఎన్నాళ్ళు బాధపడ్డావు తల్లీ అంటూ మంత్రిగారు రెండు చోట్లా కొత్తగా కన్నీరు పెట్టుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. తృప్తి పత్రాలు ఆఫీసరు గారే నింపేవారు. నమలడం, మాట్లాడడం, నవ్వడం, అన్నింటికీ 'పూర్తి తృప్తి'. వేలిముద్రలు మాత్రం జాబితాలో పేరున్నవాళ్ళవే ఉండాలని నిబంధన. వాటికోసం తరువాత బంట్రోతును ఇళ్ళకు పంపేవారు. ముగ్గురికి ముగ్గురూ తృప్తి చెందారని రేడియోలో చెప్పారు.

నాలుగోది రెంటచింతల. షామియానా కింద కూడా నిప్పులు చెరుగుతున్న ఎండ. నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. బుగ్గలు రెండూ లోపలికి పోయాయి. ఉతికిన చీర, చేతిలో ఆఫీసువాళ్ళు పంపిన కార్డు.

"పొద్దున్నే వచ్చా. ఇయ్యాల్టి నించి నమలొచ్చంట గదమ్మా" అంది.

మైకులో పిలిచారు. "పోలేరమ్మ, భర్త చిన్నకోటయ్య."

ఆమె లేచి, కొంగు సర్దుకుని, రెండడుగులు వేసింది. అప్పటికే హనుమాయమ్మ పిన్ని వేదిక మీద నోరు తెరిచి నిలబడి ఉంది. కరకర వినిపించింది. చప్పట్లు కొట్టారు.

"పిలిచింది నా పేరే గదమ్మా?"

నేను చేతిసంచీ సర్దుకున్నాను. వేదిక మీద నుంచి పిన్ని మా వైపు చూసింది. నమలడం ఆపింది.

"తృప్తిగా ఉందా తల్లీ?" అని అడిగారు మంత్రిగారు.

పిన్ని నోట్లో ఉన్నది మింగింది. తరువాత "చానా" అంది.

సాక్షాత్తూ లబ్ధిదారే సభలో ఉందని తెలిసి ఆఫీసరు గారు సంతోషించారు. ఇంటికి మనిషిని పంపే పని తప్పింది. సిరాపెట్టె తీసుకుని వచ్చి ఆమెను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నారు. ఎడమ బొటనవేలు అడిగారు. పోలేరమ్మ ఇచ్చింది. ఆయన తడి ఆరడానికి కాగితం ఊదుకుంటూ జీపు వైపు వెళ్ళిపోయారు.

పోలేరమ్మ వేలు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.