ఒక పత్రిక మిగిలింది

ఆ బుధవారం పొద్దున జబీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా బాలన్న కూతురి పెండ్లిపత్రికల కవర్ల మీద పేర్లు అచ్చు వేయాలి. పదకొండింటికల్లా వాళ్ల అబ్బా చేత ఎం.సి.ఎ. దరఖాస్తు మీద సంతకం పెట్టించాలి. దరఖాస్తుకు శనివారమే ఆఖరు. అది రెండువేల ఐదో సంవత్సరం. వనపర్తి బస్టాండు దగ్గర పత్రికల దుకాణం నడిపే అబ్దుల్ హమీద్, కూతురి ముందు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"గీ డబ్బాతోని ఒక్క ఆర్డరు తప్పు లేకుంట చేసి చూపియ్యి. చేస్తే హైదరాబాద్ పో. చెయ్యకుంటే డబ్బాను గద్వాలల అమ్మేస్త, నువ్వు ఇంట్ల కూసో."

డబ్బా అంటే కంప్యూటర్. హమీద్ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. అన్నాడంటే అమ్ముతాడు.

జబీన్ బస్టాండు వెనక కంప్యూటర్ సెంటరులో మూడు నెలలుగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటోంది. ఆ వారమే స్ట్రింగుల పాఠం అయింది. కంప్యూటర్‌కు పేరు అంటే పేరు కాదు, దారానికి గుచ్చిన పూసల్లా వరసగా అక్షరాలు, అంతే. రెండు మాటల మధ్య ఖాళీ కూడా దానికి ఒక పూసే. కవరు మీద పేరు రాసే చోటు ఇరుకు, పద్నాలుగు అక్షరాలు మించి పట్టవు. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. చివరి ఖాళీ ఎక్కడుందో వెతికి, దాని తర్వాతి మాట ఒక్కటే ఉంచి మిగతాది కత్తిరించమంది. అబ్దుల్ హమీద్‌ను కత్తిరిస్తే హమీద్ వచ్చాడు. గడ్డం బాలన్నను కత్తిరిస్తే ఇంటిపేరు పోయి బాలన్న మిగిలాడు. బంధువుల పేర్లు పన్నెండు వేసి చూసింది, పన్నెండూ సరిగ్గానే వచ్చాయి. పిల్ల పొంగిపోయింది.

బాలన్న లింగాల ఊరి రైతు. కూతురు నవనీత పెండ్లి ఇంకా వారమే ఉంది. ఆయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు అక్షరాలు రావు. జబీన్ ప్రోగ్రాముకేమో తెలుగు రాదు. దానికీ దారి దొరికింది. ముందురోజే బాలన్న దుకాణంలో కూర్చుని, తన గడప దగ్గర మొదలుపెట్టి, ఊళ్లో నడిచే దారిలోనే ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ పోయాడు. పత్రికలు అదే వరసలో పేర్చి ఇస్తే చదివే పనే లేదు, ఇంటికొకటి ఇచ్చుకుంటూ పోవచ్చు. ఊళ్లో ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు కదా, ఆయనా అలాగే చెప్పాడు. ఫలానా మామ, ఫలానా బావ, ఈరమ్మ అత్త. గిరాకి చెప్పింది చెప్పినట్టు కొట్టాలన్నది ఆ దుకాణం నియమం. జబీన్ ఒక్క మాట వదలకుండా కొట్టింది.

నడుమ ఒకచోట బాలన్న నోట అలవాటుగా "వెంకటన్న తమ్ముడు" అని వచ్చింది. వెంటనే ఆయన మొహం మాడింది. బోరు మోటారు వంతు దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములకు ఆరేండ్లుగా మాటల్లేవు. "వాన్ని కొట్టెయ్ బిడ్డా" అన్నాడు. కొట్టేద్దామనుకునేలోపు బాలన్న నోట తర్వాతి ఇంటి జంగమ్మ వదిన పేరు వచ్చేసింది, ఆ వెనకే ఈరమ్మ అత్త. జబీన్ తర్వాత చూద్దామనుకుంది. తర్వాత చూడలేదు.

బుధవారం కవర్లు అచ్చవుతుండగా జబీన్ మొదటిది తీసి చూసింది. మొదటి పత్రిక దేవుడికి కాబట్టి దాని మీద లింగమయ్య అని ఉంది. చక్కగా వచ్చింది. మిగతావి చూసేలోపు, కరెంటు పోయే వేళయిందని హమీద్ తొందరపెట్టాడు. నూటపన్నెండు కవర్లూ కట్టకట్టి బాలన్న చేతిలో పెట్టాడు. సంతకం మాత్రం పెట్టలేదు. "పంచినంక చూద్దాం, గిరాకి ఖుషీగుంటే పెడత" అన్నాడు.

సాయంత్రం కరెంటు వచ్చాక, కూతురి గొప్పదనం చూస్తానని కుల్సుమ్‌బీ ముచ్చటపడింది. జబీన్ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని లిస్టు తెర మీద పరిచింది. లింగమయ్య. మామ. మామ. బావ. అత్త. బావ. తమ్ముడు. వదిన. అత్త. మామ. నూటపదకొండు మందిలో ఒక్కరికీ పేరు లేదు. చివరి మాటే పేరనుకున్న ప్రోగ్రాము పేర్లన్నీ కోసిపారేసి వరసలు మిగిల్చింది. పైగా కొట్టేయాల్సిన తమ్ముడు మధ్యలో దర్జాగా కూర్చున్నాడు.  బాలన్నకు ఫోను లేదు.

గురువారం తెల్లవారగానే, దవాఖానకు పోతున్నామని హమీద్‌కు అబద్ధం చెప్పి తల్లీకూతుళ్లు లింగాల బస్సెక్కారు. దారంతా జబీన్ లెక్క కడుతూనే ఉంది. బాలన్న తమ్ముడి ఇంటి గడప తొక్కడు. తొక్కకపోతే తమ్ముడి పత్రిక జంగమ్మకు పోతుంది, జంగమ్మది ఈరమ్మకు పోతుంది. అక్కడి నుంచి ఊరి చివరిదాకా ఒకరిది ఇంకొకరికే. హైదరాబాద్ ఆశ నాగర్‌కర్నూల్ దాటకముందే సగం చచ్చింది.

వాళ్లు చేరేసరికి బాలన్న వాకిట్లో నలభై మంది ఉన్నారు. జంగమ్మ బాలన్నకు పెద్ద వదిన, అరవయ్యేండ్ల మనిషి. ఆమెకు తమ్ముడు అని వచ్చింది. రేషన్ డీలరు చదివి చెప్పాడట, ఆమె నిప్పులు చెరుగుతోంది. ఒక మీసాల మామకు అత్త అని వచ్చింది. ఆయన పత్రిక పట్టుకుని బాలన్ననే చూస్తున్నాడు. లోపల గుమ్మం దగ్గర నవనీత ఏడుపు మొహంతో నిలబడింది. అందరి మధ్యా బాలన్న చేతిలో ఒక పత్రిక మిగిలి ఉంది.

"ఊరంత పంచిన. గిదొక్కటి ఎట్ల మిగిలిందో తెల్వదు" అంటున్నాడు.

 జబీన్ ముందుకొచ్చి, తప్పంతా తనదేనని ఒప్పుకుంది. ప్రోగ్రాము సంగతి చెబితే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఒక్క మాట చెప్పింది.

"లెక్క కరెక్టే కాకా. ఇండ్లెన్నో పత్రికలు గన్నే. ఒక్క ఇల్లు విడిచినవు."

 ఏ ఇల్లో అందరికీ తెలుసు. బాలన్న పత్రికను లోపలికి తీసుకుపోబోయాడు. జంగమ్మ అడ్డం నిలబడింది.

"పసుపు పెట్టి గడప దాటిన పత్రికను వాపస్ ఇంట్లకు తెస్తవా? పిల్లకు కీడు."

బాలన్న నవనీత వైపు చూశాడు.  విసవిసా నడిచి తమ్ముడి ఇంటి పిట్టగోడ మీద పత్రిక పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

వెంకటన్నది మన్ననూర్ అడవి చెక్‌పోస్టులో బండ్ల నంబర్లు రాసే కొలువు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. ఆ రోజు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. కాసేపటికి పత్రిక పట్టుకుని నేరుగా వాకిట్లోకి వచ్చాడు. జనం చీలి దారిచ్చారు. కొట్టుకుంటారేమోనని కుల్సుమ్‌బీ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. లిస్టులో ఆఖరి ఇంటి పెద్దమనిషిని బాలన్న "అన్న" అని పిలుస్తాడని జబీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మిగిలిన ఆ పత్రిక మీద ఉన్న మాట అదే.

"ఆరేండ్ల సంది తమ్మీ అని పిలువలే" అన్నాడు వెంకటన్న.  "ఇయ్యాల నన్నే అన్న అని రాపిచ్చినవు. నేను చిన్నోన్ని. నా ముంగట నువ్వు గింత తగ్గుతవా?"

బాలన్నకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ తమ్ముడి కళ్లలో నీళ్లు కనిపించాయి, అవి అర్థమయ్యాయి. జబీన్ నిజం చెప్పడానికి నోరు తెరిచింది. జంగమ్మ ఆమె జబ్బ మీద గట్టిగా గిల్లింది. తన చేతిలోని, తమ్ముడు అని ఉన్న పత్రికను కొంగు కింద దాచి, "చేత పెండ్లి పనులు పెట్టుకోని ఏం నిలబడ్డరు, పందిరికి గుంజలు తేపోండ్రి" అని అన్నదమ్ములిద్దరినీ కసిరింది. మీసాల మామ కూడా తన పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున అన్నదమ్ములిద్దరూ కలిసి హమీద్ దుకాణానికి వచ్చారు, వెంకటన్న అత్తగారి వైపు వాళ్లకు ఇరవై పత్రికలు ఎక్కువ కావాలని. జబీన్ కొట్టిన పత్రికలంటే లింగాలలో యమ గిరాకీ ఉందనీ, పక్కింటి కిష్టమ్మ మనవడి పెండ్లికీ ఆమే కొట్టాలనీ బాలన్న చెప్పాడు. వాళ్లు వెళ్లాక హమీద్ కూతురిని పిలిచి అసలేం జరిగిందని అడిగాడు. జబీన్ దాచలేదు. దవాఖాన అబద్ధంతో సహా మొత్తం చెప్పి, ఇక గద్వాలకు పోవడమే అనుకుని కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి, దాని పక్కనే తల వంచుకుని నిలబడింది. 

 హమీద్ గడ్డం నిమురుకుని దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు.

"సగం చదువుకే ఊరందరి వరసలు మార్చినవు. మిగిలిన సగం గూడ నేర్చుకోని రా. లేకుంటే జిల్లాకే ఖతరా."

కలం తీసి గళ్లన్నీ చకచకా నింపాడు. "అభ్యర్థితో మీకు గల వరస" అని ఉన్న గడిలో మాత్రం, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, తండ్రి అని రాశాడు.