మునుపు ఫోటో

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నగరంలో మురికి ఇల్లు అనేది లేదు. ఈ సంగతి ప్రభుత్వ రికార్డుల్లో నిరూపణ అయి, దాని మీద గుండ్రటి ముద్ర కూడా పడింది. నిరూపించినావిడ పేరు నిహాయా. పాపం, ఆవిడ నిరూపించాలనుకున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

నిహాయాది ఇళ్ళు శుభ్రం చేసే కంపెనీ. కంపెనీ అంటే ఆవిడ, ఆవిడ ఆడపడుచు ఇతిదాల్, రెండు బకెట్లు, ఒక వాక్యూమ్ మెషిన్. ఆ మెషిన్ దుమ్ము పెద్దగా పీల్చదు గానీ బ్రహ్మాండంగా అరుస్తుంది, అందువల్ల కంపెనీకి కొంత హోదా వచ్చింది. ఆఫీసు జబల్ నజీఫ్‌లో (పేరుకి శుభ్రమైన కొండ) ఆవిడ ఇంటి ముందుగదే.

వాళ్ళకున్న ఒకే ఒక్క ఖాతాదారు పళ్ళ డాక్టరు. ఆయన క్లినిక్ మూసేసిన వారానికే చిన్న వ్యాపారాల ప్రోత్సాహక విభాగం నుంచి కాగితం వచ్చింది. పద్నాలుగో నియమం ప్రకారం తొంభై రోజుల్లో ముగ్గురు కొత్త ఖాతాదారులను చూపించాలి, లేకపోతే లైసెన్సు 'విశ్రాంతి'లోకి వెళ్తుంది. (రద్దు అనే మాటకు మనుషులు నొచ్చుకుంటున్నారని విభాగం దాన్ని రద్దు చేసింది.) ఒక్కో ఖాతాదారుకి రెండు ఫోటోలు యాప్‌లో పెట్టాలి: 'మునుపు' ఒకటి, 'తర్వాత' ఒకటి. నిహాయా కూతురి నర్సింగ్ చదువు, ఇతిదాల్ ఇంటి అద్దె ఆ లైసెన్సు మీదే నడుస్తున్నాయి.

ఇద్దరూ రెండు నెలలు మెట్లెక్కి, మెట్లు దిగి, తలుపుల సందుల్లో కరపత్రాలు పెట్టగా పెట్టగా ఉమ్మ్ సుహైబ్ (అంటే సుహైబ్ వాళ్ళమ్మ) అనే ఆవిడ రమ్మంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళారు. ఆవిడ తెల్లవారుజామున నమాజు కాగానే మొదలుపెట్టి, అప్పటికే ఇల్లంతా కడిగి పరదాలు కూడా ఉతికేసింది.

"ఇదేంటి ఉమ్మ్ సుహైబ్, మేం చేసేవాళ్ళం కదా!" అంది నిహాయా.

"బాగుందమ్మా! మనుషులొస్తున్నారంటే ఇల్లు అలాగే ఉంచుకుంటామా? రేపు నువ్వు ఇంకో ఇంటికెళ్తావు, నా వంటగది గురించి చెప్తావు. కూర్చోండి, కాఫీ తాగండి."

కాఫీతో పాటు మామూల్ వచ్చింది. (ఇక్కడ అది ఖర్జూరం కూరిన బిస్కెట్టు. కంగారు పడకండి.) ఒక ఫోటో తీశారు, తుడిచినదాన్నే తుడిచారు, తిన్నారు, రెండో ఫోటో తీసి రెండూ పంపారు. సాయంత్రానికి జవాబు వచ్చింది: 'తిరస్కరించడమైనది. సేవ అనంతరము పరిశుభ్రత తగ్గినట్లు కనబడుచున్నది.' బల్ల మీద బిస్కెట్టు పొడి పడిందట.

రెండో ఇంటికి చెప్పకుండా వెళ్ళారు. ఉమ్మ్ లైస్ తలుపు అరచేతి వెడల్పున తీసి, చూసి, మళ్ళీ వేసేసింది. లోపల బకెట్ల చప్పుడు. అతిథుల్ని ఒంటరిగా నిలబెట్టడం మర్యాద కాదని భర్తను మెట్ల మీదికి పంపింది. నలభై నిమిషాలు ఆ ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు.

"అమ్మా, మీరు నెలనెలా వస్తామని చెప్తూ ఉంటారా?" అన్నాడాయన గొంతు తగ్గించి. "మూడేళ్ళయింది మా బాల్కనీ నేల రంగు చూసి. ఇందాక చూశాను."

తలుపు తెరుచుకునేసరికి ఉమ్మ్ లైస్ చెమటలు కక్కుతోంది. "ఏమనుకోకండి, ఇల్లంతా చిందరవందరగా ఉంది," అంది. నేల అద్దంలా మెరుస్తోంది.

నిహాయా నేరుగా విభాగానికి వెళ్ళింది. అక్కడ ఉస్తాజ్ గస్సాన్ (ఉస్తాజ్ అంటే మన 'సారు' లాంటిది) అనే అధికారి ఆవిడ గోడంతా శ్రద్ధగా విన్నాడు.

"మురికి లేనప్పుడు మీ అవసరం ఏముందమ్మా?"

"ఉంది సార్. చూడనివ్వరు, అంతే."

"చూడనివ్వనిది ఉన్నట్టు కాదు." ఆయన పుస్తకం తిరగేశాడు. ఒక ఉపనియమం ఉంది. కంపెనీ తన సొంత ఆవరణనే ఖాతాదారుగా చూపించుకోవచ్చు. అధికారి కళ్ళారా చూసిన మురికి మూడు ఇళ్ళ ఫోటోలతో సమానం. "వచ్చే గురువారం పదింటికి నేనే వస్తాను. ఇల్లు యథాస్థితిలో ఉంచండి. ఏదీ ముట్టుకోవద్దు."

ఎనిమిది రోజులు నిహాయా చీపురు పట్టలేదు. ఆదివారం ఎడారి నుంచి దుమ్ముగాలి లేస్తే ఇతిదాల్ సంబరపడిపోయింది. "దేవుడే పంపాడు వదినా, కిటికీలు తియ్యి!" పప్పుసూపు గిన్నె పొయ్యి మీదే ఎండిపోయింది. సోఫా నిండా గింజల పొట్టు. నిహాయాకి అన్నం సహించలేదు, ఎవరైనా తలుపు కొడితే ఇంట్లో లేనట్టు నటించేది.

గురువారం తొమ్మిదింబావు అయింది.

"ఇతిదాల్, ఆయన ఈ సోఫాలో కూర్చోవాలే."

"కూర్చోనీ. పొట్టు గుచ్చుకోవాలి. గుచ్చుకుంటేనే రాస్తాడు."

"బయటికెళ్ళి ఏమంటాడు? ఇళ్ళు కడిగే ఆడదాని ఇల్లు ఇదా అనడూ?"

"అనాలి వదినా! అదే కదా మనకి కావలసింది!"

నిహాయా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతురి ఫీజు తలుచుకుంటూ రెండు నిమిషాలు నిజంగానే కూర్చుంది. తాను ఏం పోగొట్టుకోబోతోందో ఆవిడకి స్పష్టంగా తెలుసు. తర్వాత లేచి బకెట్ అందుకుంది. ఇతిదాల్ ఏడ్చింది, బతిమాలింది, రెక్క పట్టుకుని లాగింది. చివరికి, "ఆ మూల నీళ్ళు సరిపోలేదు, తప్పుకో," అని రెండో బకెట్ తెచ్చింది.

పదింటికి ఉస్తాజ్ గస్సాన్ వచ్చాడు. గదులన్నీ తిరిగాడు, గుమ్మం పైన వేలు పెట్టి చూసుకున్నాడు, సోఫాలో హాయిగా కూర్చుని నాలుగు మామూళ్ళు తిన్నాడు. (బిస్కెట్లే.) ఆ తర్వాత రాసుకున్నాడు: 'మురికి: లేదు. ఆవరణలో శుభ్రపరచు కార్యకలాపములు జరుగుచున్న ఆనవాళ్ళు: లేవు. లైసెన్సు: విశ్రాంతి.' ముద్ర కొట్టి, నిహాయా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆవిడ చేయి ఇంకా తడిగానే ఉంది.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక చిన్న సాయం. మా ఆవిడకి ఫోన్ చేసి, సోమవారం ఇల్లు శుభ్రం చేయడానికి వస్తున్నామని చెప్తారా? మీరు రానక్కర్లేదు."

"మాకిప్పుడు లైసెన్సు లేదు కదా సార్."

"చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదమ్మా," అన్నాడు ఉస్తాజ్ గస్సాన్. "శుభ్రం చేయడానికే."