పదకొండు వందల ఎనభై గ్రాములు

"ఈ రోజు నుంచి ప్రభుత్వ కార్యాలయాల్లో ఏ ఏసీ నుంచీ ఒక్క గ్రాము గ్యాస్ కూడా పైకి పోదు. ఇది నేను ఆకాశానికి ఇస్తున్న మాట!"

పర్యావరణ శాఖ మంత్రిగారు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పత్రికా ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్లలో ఏడుగురు మంత్రులకు రాశాను. ఇంత ఎత్తుకు ఆలోచించే మంత్రిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. మిగతావాళ్లు ఓటర్లకు మాట ఇచ్చారు, ఈయన ఆకాశానికి ఇచ్చారు. ఆకాశం వచ్చి నిలదీయదు కదా అని గిట్టనివాళ్లు కొందరు అన్నారు. గిట్టనివాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

విషయం సులువైనదే. ఏసీ బాగుచేసేటప్పుడు చాలామంది లోపలున్న గ్యాస్‌ను తుస్సుమని గాలిలోకి వదిలేసి, పని అయ్యాక కొత్తది నింపుతారు. వదిలింది పైకి పోయి భూమిని ఇంకా వేడెక్కిస్తుంది. అలా కాకుండా, ఒక యంత్రం పెట్టి ఆ గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగి, పని అయ్యాక దాన్నే మళ్లీ ఏసీలోకి ఎక్కించాలి. ఈ పని చేసేవాడి దగ్గర శాఖ ఇచ్చిన కార్డు ఉండాలి. కార్డు లేకుండా ఏసీ మీద చెయ్యి వేస్తే నేరం. ఇదీ కొత్త రూలు.

ముందు తన గదితోనే మొదలుపెడతానన్నారు మంత్రిగారు. ఎంత త్యాగం! ఆయన గదిలో ఏసీ అప్పటికే వారం రోజులుగా నిట్టూరుస్తోంది.

మా శాఖ డైరెక్టరుగారు తూకం మేస్త్రీని పిలిపించారు. ముప్పై ఏళ్లుగా ఏసీలు బాగుచేస్తున్న మనిషి. సంచిలో పానాలతో పాటు ఒక తూకం మిషను మోస్తూ తిరుగుతాడు. పనికి ముందు సిలిండర్‌ను తూస్తాడు, పని అయ్యాక తూస్తాడు, తేడా ఒక అట్టముక్క మీద తన చేత్తో రాసి సిలిండర్ మెడకు కడతాడు. అందుకే ఆ పేరు.

మేస్త్రీ బాల్కనీలోకి వెళ్లి, బయట బిగించిన పెట్టెను చూసి వచ్చాడు.

"రాగి గొట్టం జాయింటు దగ్గర సన్నగా లీకవుతోంది సార్. ఉన్న గ్యాస్ లాగేసి, జాయింటు సరిచేసి, మళ్లీ ఎక్కిద్దాం. గంటన్నర పని."

"ఇప్పుడెలా? నెలాఖరుకు ప్రారంభోత్సవం పెట్టాం. కెమెరాలు వస్తాయి."

"అప్పటిదాకా లీకవుతూనే ఉంటుంది సార్."

"కార్యక్రమం ప్రారంభం కాకుండానే లీకు ఆపేస్తే ఎలాగయ్యా?" అన్నారు డైరెక్టరుగారు. నిజమే, పద్ధతి అనేది ఒకటుంటుంది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. తరవాత సిలిండర్ సంగతి ఎత్తాడు.

"ఎనభై శాతం మించి నింపకూడదు సార్. వేడికి లోపలిది ఉబ్బుతుంది. చోటు లేకపోతే పేలుతుంది."

"మంత్రిగారి కార్యక్రమంలో ఎనభై శాతమా? ప్రతిపక్షం ఊరుకుంటుందా? వంద అని రాయి."

"రాస్తే పేలదు సార్, నింపితే పేలుతుంది."

"అయితే ఇబ్బందేముంది? రాద్దాం."

"నేను తూచిందే రాస్తాను సార్" అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "మా గురువుగారికి కుడిచేతికి రెండు వేళ్లు లేవు. తూచకుండా నింపిన రోజు పోయాయి."

డైరెక్టరుగారు ముఖం ముడుచుకున్నారు. మేస్త్రీ గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"సార్, నా కార్డు నెలాఖరుతో అయిపోతోంది. రెన్యువల్‌కి పెట్టి మూడు నెలలైంది. కార్డు లేకపోతే నేనూ మా బావమరిదీ నడిపే షాపు మూసుకోవాల్సిందే. రెండు కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి."

"దానికంత బెంగ దేనికి? వేదిక మీదే మంత్రిగారి చేత్తో ఇప్పిస్తాను. గ్యాస్ లాగు, కాగితం మీద సంతకం పెట్టు, కార్డు తీసుకో."

మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకూ సంతోషం వేసింది. మా కార్యాలయంలో మనుషుల ముఖాలు వెలగడం నేను తరచుగా చూడను.

నెలాఖరు వచ్చింది. వెయ్యి పోస్టర్లు అంటించారు. వాటిలో మంత్రిగారు రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు. కొత్త యంత్రం రిబ్బను కట్టుకుని మంత్రిగారి గదిలో నిలబడింది. ఉదయం ఎనిమిదికి భద్రతాధికారి తనిఖీకి వచ్చి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి అడిగారు.

"ఇదేం చేస్తుంది?"

"ఏసీలో ఒత్తిడితో ఉన్న గ్యాస్‌ను సురక్షితంగా బయటికి లాగుతుంది" అన్నారు డైరెక్టరుగారు గర్వంగా.

"ఒత్తిడితో ఉన్న గ్యాసా? మంత్రిగారు కూర్చునే గదిలోనా?" భద్రతాధికారి ఒక ఉత్తర్వు కాపీ తీశారు. "మంత్రిగారు ఉండే చోటికి ముప్పై మీటర్ల లోపు ఒత్తిడితో ఉన్న గ్యాస్ ఏదీ ఉండకూడదు. ఆయన వచ్చేలోపు తీసేయాలి."

"తీసేస్తే మరి కార్యక్రమం?"

"కార్యక్రమం మీ ఇష్టం. ప్రాణం నా బాధ్యత."

డైరెక్టరుగారు అర నిమిషం ఆలోచించారు. ప్రాణం, కార్యక్రమం రెండూ దక్కే మార్గం ఆయనకు తట్టింది. "కానివ్వండి" అన్నారు.

భద్రతాధికారి మనిషి ఒకడు బాల్కనీలోకి వెళ్లి, పెట్టె పక్కనున్న వాల్వును పానాతో తిప్పాడు. బుస్సుమని మొదలైంది. చాలాసేపు బుస్సుమంటూనే ఉంది. గ్యాస్ తగిలి అతని వేళ్లు తెల్లగా గడ్డకట్టాయి. చేతులకు గ్లవ్స్ లేవు మరి. కుయ్యోమంటూ గంతులేస్తున్న అతన్ని ఇద్దరు పట్టుకుని తీసుకెళ్లారు. ఆకాశం కోసం వేళ్లను పణంగా పెట్టినందుకు ఇతనికి పతకం ఇవ్వాలని తరవాత నేనే సిఫార్సు రాశాను.

ఆ సమయంలో తూకం మేస్త్రీ కింద గేటు దగ్గర ఉన్నాడు. అతని తూకం మిషను అనుమానాస్పదంగా ఉందని గంటన్నరగా విప్పి చూస్తున్నారు. నేను కిందికి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. పెన్షన్‌కు ఇంకా ఆరేళ్లు ఉంది. సిగ్గుగా అనిపించింది, కానీ ప్రెస్ నోట్ రాయాల్సిన పని కూడా ఉంది.

పదకొండుకు కెమెరాలు వెలిగాయి. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. పైకి వచ్చిన మేస్త్రీ గ్లవ్స్ తొడుక్కున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు, గొట్టాలు బిగించాడు. సిలిండర్‌ను తూకం మీద నిలబెట్టి సున్నా చేశాడు. యంత్రం గురగురమంది. ఐదు నిమిషాలైనా తూకం సున్నా దగ్గర నుంచి కదల్లేదు. మేస్త్రీ మీటరు ముల్లు చూశాడు, బాల్కనీలోకి వెళ్లి వాల్వు చూశాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖంలో రక్తం లేదు.

"సార్, ఇందులో గ్యాస్ లేదు. ఎవరో వదిలేశారు."

ఆ మాట మైకులో పడకుండా డైరెక్టరుగారు దగ్గారు. "ఎంత వచ్చింది మేస్త్రీ?" అని మంత్రిగారు అప్పటికే అడిగేశారు. ప్రత్యక్ష ప్రసారం.

ఇలాంటి సమయంలోనే గొప్ప అధికారి బయటపడతాడు. "ముందు ఫలకం ఆవిష్కరిద్దాం సార్" అంటూ డైరెక్టరుగారు మంత్రిగారి పేరు చెక్కించిన ఇత్తడి ఫలకాన్ని మంత్రిగారి చేతికిచ్చి, సిలిండర్ మెడకు తగిలింపజేశారు. తూకం మీద అంకెలు చకచకా పరుగెత్తి పదకొండు వందల ఎనభై దగ్గర ఆగాయి.

"పదకొండు వందల ఎనభై గ్రాములు!" అన్నారు డైరెక్టరుగారు. "ఏసీ మీద రాసింది పన్నెండు వందలు. అంటే రెండు శాతం కూడా పోలేదు!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఆయనకు నిజంగానే తెలియదని నా నమ్మకం. ఆయనకు తెలియకుండా చూసుకోవడానికి మా శాఖలో పద్నాలుగు మందిమి ఉన్నాం.

డైరెక్టరుగారు ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో కొత్త కార్డు పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వచ్చారు. కార్డు మీద మేస్త్రీ ఫొటో మెరుస్తోంది.

"సంతకం పెట్టు" అన్నారు పళ్ల సందు నుంచి.

మేస్త్రీ కార్డు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. షాపు తాళాలు, బావమరిది పిల్లలు, అన్నీ ఆ కార్డులోనే కనిపించి ఉండాలి. తరవాత జేబులోంచి తన అట్టముక్క తీసి, ఎప్పటిలాగే రాసి, సిలిండర్ మెడకు కట్టాడు. నేను వంగి చదివాను. "గ్యాస్: సున్నా. ఫలకం: 1,180 గ్రాములు."

డైరెక్టరుగారు ఫలకాన్ని కొంచెం జరిపి ఆ అట్టను కప్పేశారు. కార్డు ఆయన జేబులోకి వెళ్లిపోయింది. మర్నాడు పేపర్లన్నిటిలో పదకొండు వందల ఎనభై గ్రాములే.

వారం గడిచింది. ఎండలు మండుతున్నాయి. ఖాళీ ఏసీ వేడిగాలి తిప్పుతోంది. ఆరు రోజులు ఓర్చుకున్న మంత్రిగారు ఏడో రోజు విసిగిపోయారు.

"మనం కాపాడిన గ్యాస్ మన దగ్గరే ఉందిగా. దాన్నే మళ్లీ ఎక్కించండి. రూలు కూడా అదే కదా?"

డైరెక్టరుగారు నీళ్లు నమిలారు. కానీ రూలు రూలే. మళ్లీ కెమెరాలు వచ్చాయి. ఎక్కించేవాడికి కార్డు ఉండాలి కాబట్టి డైరెక్టరుగారికే ఆ ఉదయం ఒక కార్డు జారీ అయింది. జారీ చేసింది కూడా ఆయనే. సిలిండర్‌ను తూకం మీద పెట్టి, గొట్టం తగిలించి, వాల్వు తిప్పి, రెండు నిమిషాలు గంభీరంగా నిలబడ్డారు. తరవాత ఫలకాన్ని భక్తిగా తీసి మంత్రిగారి టేబుల్ మీద పెట్టి, దాని కింద బయటపడ్డ అట్టముక్కను మడిచి జేబులో వేసుకున్నారు. తూకం పదకొండు వందల ఎనభై గ్రాములు కిందికి దిగింది.

"మొత్తం లోపలికి వెళ్లిపోయింది సార్!"

చప్పట్లు. "ఎలా ఉంది సార్?" అని విలేకరులు అడిగారు.

మంత్రిగారు నుదురు తుడుచుకుని, "ఆహా, చలి పుడుతోంది" అన్నారు. నాయకత్వం అంటే అది. ఎవరో స్వెటర్ తెచ్చారు, ఆయన వేసుకున్నారు. ఏసీ పనిచేస్తోంది కాబట్టి కిటికీలన్నీ మూయించారు. చల్లదనం బయటికి పోకుండా సందుల్లో కాగితాలు కూడా కుక్కాం.

మూడో రోజు మధ్యాహ్నం తూకం మేస్త్రీ వచ్చాడు. షాపు మూసి పది రోజులైందట. బావమరిది ఎక్కడో మూటలు మోయడానికి పోతున్నాడట. మంత్రిగారు మంచివారు కాబట్టి లోపలికి రానిచ్చారు. గదిలో మంత్రిగారు, డైరెక్టరుగారు, నేను. మంత్రిగారి స్వెటర్ తడిసి రంగు మారింది.

"నా కార్డు ఇప్పించండి సార్. నేను తప్పేమీ రాయలేదు" అన్నాడు మేస్త్రీ.

డైరెక్టరుగారు జేబులోంచి కార్డు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఒక్క లైను రాసివ్వు. 'గది చల్లగా ఉంది' అని. తీసుకుపో."

మేస్త్రీ సంచిలోంచి థర్మామీటరు తీశాడు. ముప్పై తొమ్మిది. అతను కలం పట్టుకుని కార్డునీ, ముల్లునీ, మంత్రిగారినీ మార్చి మార్చి చూశాడు. మంత్రిగారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. మేస్త్రీ కలం పక్కన పెట్టేశాడు.

"సార్, మీకు కళ్లు తిరుగుతున్నట్టున్నాయి. కిటికీ తియ్యమంటారా?"

మంత్రిగారు డైరెక్టరుగారి వైపు చూశారు, తలుపు వైపు చూశారు. బయట కెమెరాలు లేవని నిశ్చయించుకుని, నేను విన్నది నిజమే అయితే, ఇలా అన్నారు.

"కొంచెం... కొంచెం తియ్యి నాయనా."

మేస్త్రీ కాగితాలు పీకి కిటికీ బార్లా తెరిచాడు. గాలి వచ్చింది. మంత్రిగారు కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకున్నారు. జీవితంలో నేను చూసిన అతి నిజాయితీ గల మంత్రి ముఖం అదే.

తూకం మేస్త్రీ కార్డును శాశ్వతంగా రద్దు చేస్తూ సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. ఏసీ నడుస్తున్న ప్రభుత్వ గదిలో కిటికీ తెరిచి, శాఖ కష్టపడి కాపాడిన చల్లదనాన్ని ఆకాశంలోకి వదిలేశాడన్నది అభియోగం. భాష నాదే.

దాని మీద మంత్రిగారు, డైరెక్టరుగారు సంతకాలు చేశారు, సాక్షిగా నేనూ చేశాను. ముగ్గురం ఆ కిటికీ దగ్గరే నిలబడి చేశాం. గదిలో గాలి ఆడేది అక్కడొక్కచోటే.