నా రక్తంలో నత్రజని బుడగలు

రోగం అంటే వరం! నవ్వకండి, నేను చాలా ఆలోచించే చెబుతున్నాను. అసలు రోగం కూడా అక్కర్లేదు, దాని భయం ఉంటే చాలు. ఒక్కటే షరతు. ఆ రోగానికి మా ఎమ్మిగనూరులో ఎవరికీ నోరు తిరగని ఇంగ్లీషు పేరుండాలి.

మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి లాంటి వాటితో ఏం లాభం చెప్పండి? మా అమ్మ సరోజమ్మకు ఆ రెండూ ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళుగా గుంత మగ్గం నేస్తోంది. అంటే నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవడం. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తుంది. ఎవరైనా పట్టించుకున్నారా? నొప్పి అన్నప్పుడల్లా "వయసమ్మా" అని నేనే పదేళ్ళుగా సర్దిచెబుతున్నాను. అంత మామూలు రోగాలు పెట్టుకుంటే నేను మాత్రం ఏం చేసేది?

నాది అలాంటి రోగం కాదు. డికంప్రెషన్ సిక్‌నెస్!

ఎలా వచ్చిందో చెబుతాను. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే నా స్నేహితుడు సాయినాథ్ కిందటి నెల నన్ను కర్ణాటక సముద్రతీరంలోని మురుడేశ్వరం తీసుకెళ్ళాడు. దేవుడి దర్శనం అని ఇంట్లో చెప్పాం. దర్శనం అయ్యాక పడవ ఎక్కించి, వీపుకు సిలిండర్ కట్టించి, సముద్రంలోకి దించాడు. స్కూబా డైవింగట! నాలుగు మీటర్ల లోతు, పన్నెండు నిమిషాలు. ట్రైనర్ నా సిలిండర్ వదల్లేదు, నేను ఆయన చెయ్యి వదల్లేదు. చేపలు ఓసారి వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళిపోయాయి. ఒడ్డుకు రాగానే సాయినాథ్ మూడు పరోటాలు తిన్నాడు. నేను ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను.

నీళ్ళ లోతున ఉన్నప్పుడు మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుందట. గబుక్కున పైకొస్తే మూత తీసిన సోడాలాగా బుడగలు కడుతుందట. కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, నీరసం, ఇంకా చాలా ఉన్నాయి. డైవింగ్ చేసినవాళ్ళు వెంటనే ఎత్తయిన చోట్లకు పోకూడదట. నాలుగు మీటర్లకు ఆ ప్రమాదం దాదాపు ఉండదని కూడా అడుగున ఎక్కడో రాశారు. అంత కిందికి ఎవరు చదువుతారు?

తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎడమ మోకాలు లాగింది. హుబ్బళ్ళి దాటేసరికి కుడిది కూడా లాగింది. సీట్ల మధ్య సందు ఇరుకుగా ఉందని సాయినాథ్ అన్నాడు. అతనికి వైద్యం తెలియదని క్షమించాను.

నాకు జిరాక్స్ షాపు ఉంది. ఊరు చేరగానే పన్నెండు లక్షణాల జాబితా ప్రింట్ తీసి, లామినేషన్ చేసి, గోడకు తగిలించాను. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి స్కెచ్ పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ నన్ను నేను కాపాడుకున్నాను.

ఇక లాభాలు వినండి! మిద్దె మీద ఎండుమిరపకాయలు ఆరబోయడం నా పని. ఎత్తులు ఎక్కకూడదు కాబట్టి అది నా భార్య మహేశ్వరి పనైంది. మా బావమరిది కొత్తింటి గృహప్రవేశం మొదటి అంతస్తులో జరిగింది. నేను గేటు దగ్గరే కుర్చీ వేయించుకున్నాను. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం అన్నీ కిందికే దిగివచ్చాయి. పెళ్ళిలో కూడా నాకు అంత మర్యాద జరగలేదు. చుట్టాలంతా ఒక్కొక్కరే వచ్చి పరామర్శించి, రోగం పేరు మళ్ళీ చెప్పమని అడిగి, పలకబోయి సగంలో ఆపేసి వెళ్ళారు. ఆ రోజంతా అమ్మ వంటింట్లో నిలబడే ఉందని మహేశ్వరి తర్వాత చెప్పింది.

బుడగలుంటాయని గోలీసోడా మానేశాను. పక్కింటి గిడ్డయ్య పత్తి రైతు. వాళ్ళ వరండాలో ఒక యూరియా బస్తా ఉంది. యూరియాలో ఉండేది నత్రజనే కదా! కాస్త దూరంగా పెట్టుకోమని మర్యాదగానే అడిగాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మా సేనికి నత్రజని సాలక వారం నుంచి తిరుగుతాండాను. నీకు ఊరికే వచ్చిందా అప్పా?"

అసూయ! బస్తా మాత్రం కదల్లేదు.

అసలు చికిత్స ఏమిటంటే, రోగిని ఒత్తిడి పెంచే ప్రత్యేకమైన గదిలో, మళ్ళీ లోతుకు పోయినట్టుగా ఉంచాలట. ఆ గది మా చుట్టుపక్కల ఎక్కడుందని వెతకను? అప్పుడు తట్టింది. నేలకు దిగువన ఉండే చోటు మా ఇంట్లోనే ఉంది కదా! మగ్గం గుంత! అమ్మను లేపి, అందులోకి కాళ్ళు దించి, కదలకుండా రెండు గంటలు కూర్చున్నాను. అమ్మ నేత ఆపుకుని పక్కన నిలబడింది.

లేవబోతే కాళ్ళు రాలేదు! నడుం పట్టేసింది, మోకాళ్ళ కింద స్పర్శే లేదు. జాబితా తెప్పించి చూసుకుంటే పన్నెండింటికి తొమ్మిది. ప్రాణం పోతుందని అరిచాను. అమ్మే చంకల కింద చెయ్యివేసి లేపింది.

"ఏం కాదులే నాయనా. గోడ పట్టుకో. నాకు దినామూ ఇట్లే ఉంటాది."

నేను ఆ మాట పట్టించుకోలేదు. ఆటోకు ఫోన్ చేస్తున్నాను.

ఆదోనిలో ఒక డాక్టరు దగ్గరికి పోయాం. నీళ్ళ సీసా పట్టుకుని అమ్మ కూడా వచ్చింది. రోగం పేరు వినగానే డాక్టరు నిటారుగా కూర్చున్నారు. ఆయన సర్వీసులో ఇదే మొదటి కేసట. నా ఛాతీ ఎంత ఉబ్బిందో! నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నా లామినేషన్ జాబితా చేతిలోకి తీసుకుని పైనుంచి చదవసాగారు.

కీళ్ళ నొప్పులున్నాయా అని అడిగారు. ఆటోలో వచ్చేసరికి నా కాళ్ళు బాగైపోయాయి. లేవని ఒప్పుకోక తప్పలేదు. "ఉండాయి సార్" అని వెనక నుంచి వినిపించింది. తిమ్మిర్లు? నాకు లేవు. వెనక ఉండాయి. భుజాల నొప్పి? నడుం? నడిస్తే కాళ్ళు తడబడడం? నేను లేదంటున్న కొద్దీ అమ్మ ఉందంటోంది. పన్నెండింటికి పదకొండు! నా రికార్డు పోయింది.

డాక్టరు జాబితా పక్కన పెట్టి అమ్మ వైపు తిరిగారు. "అమ్మా, మీరెప్పుడు డైవింగ్ చేశారు?"

"నేను సముద్రమే సూళ్ళేదు సార్. మగ్గం నేస్తాను. ఇంతవరకూ ఎవరూ అడగల్యా, అందుకే సెప్పల్యా."

నాకు ఏ రోగమూ లేదని చెప్పి బల్ల దిగమన్నారు. అమ్మను కూర్చోబెట్టారు. తను స్టూలు లాక్కుని, చీర అంచు కొద్దిగా జరపమని చెప్పి, వాచిన మోకాలి చుట్టూ వేళ్ళతో నొక్కి చూశారు. ఇక్కడ నొప్పా, ఇక్కడా, ఎప్పటినుంచి అని అడుగుతుంటే అమ్మ సిగ్గుపడుతూ ఒక్కొక్కటే చెప్పింది. నేను నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను.

కాబట్టి పాఠకులారా, రోగభయం వరమే అని మళ్ళీ చెబుతున్నాను. అది లేకపోతే మేం ఆదోని పోయేవాళ్ళమా? ముప్పై అయిదేళ్ళలో ఆ మోకాలిని ఒక మనిషి ముట్టుకుని చూడడం అదే మొదటిసారి. ఆ మనిషి నేను కాదు.